మెసేజ్ పోయింది సరే, మోటార్ తిరిగిందా? – చీనీ తోట ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 22, ఆదివారం

నాయనకు మోకాలి నొప్పి ఎక్కువైంది. మెట్లు ఎక్కొద్దని డాక్టరు చెప్పాడు. గట్లు ఎక్కొద్దని చెప్పలేదు కదా అని రోజుకు నాలుగైదుసార్లు బోరు దగ్గరికి పోయొస్తూనే ఉన్నాడు.

మా తోట నార్పల వైపు. 4 ఎకరాల చీనీ (బత్తాయి), ఒక బోరు, 7.5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటార్. ఊళ్ళో ఇంటికీ బోరుకూ మధ్య ముక్కాలు కిలోమీటరు నడక. వ్యవసాయానికి పగలు 9 గంటల కరెంటు ఇస్తారు గానీ మా దగ్గర అది ఒకే ముక్కగా రాదు. పోయి వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు పోయి స్టార్టర్ డబ్బాలో పచ్చ బటన్ నొక్కాలి.

చుట్టుపక్కల చాలామంది ఆటో స్టార్టర్ పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటార్ దానంతటదే లేస్తుంది. నాయన మాత్రం దాన్ని తోట దరిదాపులకు రానివ్వలేదు. "వాల్వు తెరిచిందో మూసిందో చూడకుండా లేస్తే అది మోటరా, దెయ్యమా?" అంటాడు. రెండేళ్ళ కింద సిమ్ కార్డు వేసే డబ్బా ఒకటి కొన్నాం. ఫోన్ చేసి 1 నొక్కితే ఆన్, 2 నొక్కితే ఆఫ్. నొక్కాక ఏం జరిగిందో మాత్రం అది చెప్పదు. దాంతో నాయన ఫోన్ చేసి, 1 నొక్కి, నిజంగా తిరిగిందో లేదో చూడడానికి మళ్ళీ నడిచిపోయేవాడు. పైపు మీద చెయ్యి పెట్టి చూస్తాడు. నీళ్ళు పోతుంటే పైపు చల్లగా, సన్నగా వణుకుతుంటుంది.

నేను అనంతపురంలో షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసి బతుకుతున్నాను. ఈ ఎండాకాలం ముదరకముందే, నొక్కాక ఏం జరిగిందో కూడా చెప్పే డబ్బా ఒకటి నేనే చేస్తానని ఇంట్లో చెప్పేశాను. అమ్మ నవ్వి ఊరుకుంది.

మార్చి 1, ఆదివారం

ఏ పద్ధతిలో మాట్లాడించాలన్నది ఇవాళ తేల్చాను. మొదట తోచింది మామూలు హెచ్‌టీటీపీ, వెబ్ పేజీలు తెరిచే పద్ధతి. మోటార్ దగ్గర పెట్టే చిన్న కంప్యూటర్ బోర్డు ప్రతి 5 సెకన్లకూ సర్వర్‌ని "నాకేమన్నా పని ఉందా?" అని అడుగుతుంటుంది. లెక్క వేస్తే రోజుకు 17,280 సార్లు అడగాలి. అందులో పని దొరికేది పదిసార్లు. సిమ్ డేటా తినడం ఒకటి, బటన్ నొక్కాక 5 సెకన్లు ఆగాల్సి రావడం ఇంకొకటి. నేనే నేరుగా బోర్డుకు ఫోన్ చేసినట్టు కనెక్ట్ అవుదామంటే, సిమ్‌తో నడిచే వైఫై డబ్బాకు బయటి నుంచి చేరుకునే చిరునామా ఉండదు. ఆపరేటర్ నెట్‌వర్క్ వెనక దాగి ఉంటుంది.

కాబట్టి ఎంక్యూటీటీ, యంత్రాలు చిన్న చిన్న మెసేజ్‌లు పంపుకునే పద్ధతి. బోర్డూ, ఫోనూ రెండూ బయటికి వచ్చి ఒక బ్రోకర్‌ (మధ్యవర్తి ప్రోగ్రాము) దగ్గర కనెక్షన్ తెరిచి పెట్టుకుంటాయి. చీనీ మండీలో రాశి మీద పేరు రాసి పెడితే ఆ పేరు కావాల్సినవాళ్ళు వచ్చి చూసుకున్నట్టే, ఇక్కడ టాపిక్ పేరు మీద మెసేజ్ వేస్తే, ఆ టాపిక్ అడిగినవాళ్ళందరికీ బ్రోకర్ అప్పటికప్పుడు పంపుతుంది. పంపినవాడికి తీసుకున్నవాడు ఎవరో తెలియక్కర్లేదు. లైన్ బతికే ఉందని చెప్పే పింగ్ కేవలం 2 బైట్లు.

1999లో ఆండీ స్టాన్‌ఫోర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే ఇద్దరు దీన్ని చమురు పైపులైన్ల కోసం తయారుచేశారు. ఉపగ్రహ లింకు మీద, ఖరీదైన సన్నని లైన్లో నడవాలి కాబట్టి ఇంత పొదుపు. వాళ్ళది చమురు పైపు, మాది నీళ్ళ పైపు. సిగ్నల్ కష్టాలు మాత్రం ఒకటే.

చిన్న సర్వర్ ఒకటి అద్దెకు తీసుకుని అందులో మస్కీటో అనే బ్రోకర్ ప్రోగ్రాము పెట్టాను. (పేరు విని అమ్మ, "దోమల మందా?" అంది.) పెట్టీపెట్టగానే గోడ తగిలింది. సర్వర్‌లో కూర్చుని పరీక్షిస్తే పనిచేస్తుంది, ఇంటి నుంచి చేస్తే కనెక్షన్ తిరస్కరిస్తుంది. ఫైర్‌వాల్ అనుకుని గంట తవ్వాను. అసలు సంగతి, మస్కీటో 2.0 నుంచి సెట్టింగుల ఫైల్లో మనం లిజనర్ లైను (బయటివాళ్ళ కోసం ఏ తలుపు తెరవాలో చెప్పేది) రాయకపోతే అది ఆ మెషీన్ లోపలివాళ్ళతో మాత్రమే మాట్లాడుతుంది. ఆ లైను రాశాక కూడా, మనం చెప్పకపోతే పేరు, పాస్‌వర్డ్ లేనివాళ్ళను రానివ్వదు. మంచి పనే. పాత ట్యుటోరియల్ చూసి చేసినవాడికి మాత్రం తిప్పలు.

రెండో గోడ పైథాన్‌లో. సర్వర్‌లో లెక్కలు రాసే ప్రోగ్రాముకు, ఎంక్యూటీటీ మాట్లాడే పాహో లైబ్రరీ వాడుతున్నాను. అందరూ రాసినట్టే క్లయింట్‌ని సృష్టిస్తే ఎర్రర్. 2024లో వచ్చిన పాహో 2.0 నుంచి కాల్‌బ్యాక్‌ల (ఏదన్నా జరిగినప్పుడు లైబ్రరీ పిలిచే మన ఫంక్షన్ల) ఏపీఐ వెర్షన్ ఏదో మొదటే చెప్పాలి. ఒక్క పదం చేర్చితే పోయింది. ఇవాళ్టికి ఇంతే.

మార్చి 8, ఆదివారం

బోర్డు ఈఎస్‌పీ32. దానికి నిక్ ఓలియరీ రాసిన పబ్‌సబ్‌క్లయింట్ లైబ్రరీ. టేబుల్ మీద రిలే (బోర్డు నొక్కే చిన్న స్విచ్) టక్కుమని కొట్టుకుంటే ఏదో సాధించినట్టు సంబరం వేసింది. అర్ధరాత్రి పూట ఫోన్లో నుంచి ఓ నలభైసార్లు కొట్టించాను.

పొద్దున లేచి బోర్డు పంపే సమాచారం కొంచెం పెంచాను. మూడు ఫేజుల వోల్టేజీలు, మోటార్ లాగే కరెంటు, స్థితి. అంతే, మెసేజ్‌లు ఆగిపోయాయి. ఎర్రర్ లేదు, డిస్‌కనెక్ట్ లేదు, ఏమీ లేదు. ఈ లైబ్రరీలో ఒక ప్యాకెట్ బఫర్ (మెసేజ్‌ని పేర్చుకునే చోటు) డిఫాల్ట్‌గా 256 బైట్లే. టాపిక్ పేరు, హెడర్ కూడా అందులోకే వస్తాయి. దాటితే పంపే ఫంక్షన్ 'ఫాల్స్' అని తిరిగి చెబుతుంది. నేను ఆ జవాబు చూడనే లేదు.

256 ఎందుకు దాటిందో తెలిశాక నాకే నవ్వొచ్చింది. నాయన చదువుకోవడానికి వీలుగా ఉంటుందని స్థితిని తెలుగులో పంపాను. అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు. అక్షరానికే కాదు, గుణింతానికీ, పొల్లుకూ విడిగా. 'మోటార్ తిరుగుతోంది' అన్న రెండు మాటలకే 52 బైట్లు అయ్యాయి. ఇప్పుడు బోర్డు 1, 0 అని పంపుతుంది. తెలుగు ఫోన్లో ఉంటుంది. బఫర్‌ని 512 కూడా చేశాను.

మార్చి 15, ఆదివారం

తోటలో బిగించాం. బిగించాం అంటే మోటార్ మెకానిక్ బిగించాడు, నేను టార్చ్ పట్టుకున్నాను. 415 వోల్టుల డబ్బాలో నేను వేలు పెట్టే ప్రశ్నే లేదు. పచ్చ బటన్‌కు పక్కగా ఒక రిలే, ఎర్ర బటన్ వైరు మధ్యలో ఇంకో రిలే. ఫోన్లో ఆన్ నొక్కితే మొదటి రిలే ఒక్క సెకను కలిసి వదిలేస్తుంది, అంటే మనిషి వేలు నొక్కినట్టే. ఆ తర్వాత కాంటాక్టర్ (మోటార్‌కు కరెంటు కలిపే పెద్ద స్విచ్) తనను తానే పట్టుకుని ఉంటుంది. కరెంటు పోతే వదిలేస్తుంది, మళ్ళీ కరెంటు వచ్చినా తనంతట లేవదు. నాయన అడిగిన మొదటి ప్రశ్న అదే. "లేవదు" అని ధైర్యంగా చెప్పాను.

బోర్డుకూ, వైఫై డబ్బాకూ కరెంటు అదే లైను నుంచి. కరెంటు పోతే రెండూ ఒకేసారి చస్తాయి, 'పోయొస్తా' అని చెప్పే టైము కూడా ఉండదు. ఇక్కడే ఎంక్యూటీటీలో నాకు నచ్చిన విషయం, వీలునామా. కనెక్ట్ అయ్యేటప్పుడే బోర్డు ఒక మెసేజ్ బ్రోకర్ చేతిలో పెడుతుంది, 'నేను చెప్పకుండా పోతే దీన్ని అందరికీ చెప్పు' అని. కీప్ అలైవ్ టైముకు (ఎంతసేపటికోసారి పలకాలో ముందే ఒప్పుకున్న గడువుకు) ఒకటిన్నర రెట్లు ఎదురుచూసి, ఉలుకూ పలుకూ లేకపోతే బ్రోకర్ ఆ వీలునామా చదివేస్తుంది. నేను 20 సెకన్లు పెట్టాను, అంటే 30 సెకన్లలో నాయన ఫోన్లో 'తోటలో కరెంటు లేదు' అని పడుతుంది. నిజానికి నెట్ పోయినా అదే పడుతుంది. నాయనకు ఆ తేడా చెప్పాను, "రెండిట్లో ఏది పోయినా నీళ్ళు పారవు కదప్పా" అన్నాడు. నెట్ లేకున్నా మోటార్ తిరుగుతుంది అనబోయి ఊరుకున్నాను.

మార్చి 19, ఉగాది

రాయకూడదనిపిస్తోంది. అందుకే రాస్తున్నాను.

పొద్దున పచ్చడి, పూజ అయ్యాయి. పదకొండు దాటాక చుట్టాలు వచ్చారు. బావకు యాప్ చూపిస్తూ ఆన్ నొక్కాను. అప్పటికే తోటలో కరెంటు లేదు. యాప్ 'పంపాను' అంది. ఇంకేమీ జరగలేదు. ఇంకో రెండుసార్లు నొక్కాను. కరెంటు లేదులే అని ఫోన్ జేబులో వేసుకుని ఓళిగలకు కూర్చున్నాం.

అదే టైములో నాయన, చిన్నాయన తోటలో ఉన్నారు. డ్రిప్ సబ్‌మెయిన్‌లో ఒక జాయింట్ కారుతోందని గేట్ వాల్వు మూసి పని మొదలుపెట్టారు. కరెంటు లేదు కాబట్టి మెయిన్ ఫ్యూజులు తియ్యలేదు. తియ్యాల్సింది, కానీ పాతికేళ్ళుగా ఆ మోటార్ మనిషి నొక్కకుండా ఒక్కసారి కూడా లేచింది లేదు.

ఒంటి గంటకు కరెంటు వచ్చింది. వైఫై డబ్బా లేవడానికి రెండు నిమిషాలు. బోర్డు కనెక్ట్ అయింది, ఆదేశాల టాపిక్ అడిగింది. బ్రోకర్ దాని చేతిలో 'ఆన్' పెట్టింది. మోటార్ లేచింది. ముందు మూసిన వాల్వు. వాల్వుకు ఇవతల పీవీసీ జాయింట్ ఊడి పైపు పాములా లేచింది. చిన్నాయన పది అడుగుల దూరంలో ఉన్నాడు కాబట్టి తడిశాడు, అంతే.

నాయన ఫోన్: "మోటరు దానంతటదే లేసింది. నువ్వేమన్నా నొక్కితివా?"

"లేదు నాయనా, నొక్కి రెండు గంటలయింది."

అటువైపు ఎంతసేపు మాట లేదో! "అయితే మనకు ఆటో స్టార్టర్ పెట్టినావన్నమాట," అని పెట్టేశాడు.

మార్చి 22, ఆదివారం

మూడు రోజులు తినబుద్ధి కాలేదు. తప్పు లైబ్రరీది కాదు, నాదే. మెసేజ్ పంపేటప్పుడు 'రిటెయిన్' అనే ఫ్లాగ్ ఒకటి ఉంటుంది. అది పెడితే బ్రోకర్ ఆ టాపిక్‌లో చివరి మెసేజ్‌ని దాచిపెట్టుకుని, తర్వాత ఎవరు కొత్తగా ఆ టాపిక్ అడిగినా వెంటనే ఇస్తుంది. స్థితి చెప్పడానికి అది చాలా మంచిది. నాయన ఎప్పుడు యాప్ తెరిచినా ఆఖరి స్థితి క్షణంలో కనబడుతుంది. 'బోర్డు కాసేపు లేకపోయినా ఆదేశం మిస్ కాకూడదు' అని తెలివి ప్రదర్శించి ఆదేశాలకు కూడా అదే ఫ్లాగ్ పెట్టాను. అంటే నా 'ఆన్' కాగితం గోడకు అంటించినట్టు అక్కడే ఉండిపోయింది.

ఇవాళ మార్చినవి:

ఆదేశాలకు రిటెయిన్ తీసేశాను. బ్రోకర్‌లో దాగి ఉన్న పాతదాన్ని కూడా తుడిచాను. దానికి ప్రత్యేకమైన డిలీట్ ఏమీ లేదు. అదే టాపిక్‌కు ఖాళీ మెసేజ్‌ని రిటెయిన్‌తో పంపితే పాతది పోతుంది.

బ్రోకర్‌తో బోర్డు సెషన్ ప్రతిసారీ కొత్తగా మొదలయ్యేలా పెట్టాను. పాత సెషన్ నిలబెట్టుకుంటే, క్యూఓఎస్ 1 (అందినట్టు రసీదు అడిగే స్థాయి) మెసేజ్‌లను బోర్డు లేనప్పుడు బ్రోకర్ వరుసలో పెట్టి, వచ్చాక అన్నీ ఒకేసారి అందిస్తుంది. ఉగాది రోజు నేను మూడుసార్లు నొక్కాను కదా. రిటెయిన్ లేకపోయినా ఈ దారిలో మూడు 'ఆన్'లూ వచ్చి ఉండేవి.

ప్రతి ఆదేశంలో పంపిన టైము, ఒక నంబరు ఉంటాయి. బోర్డు నెట్ నుంచి టైము తెలుసుకుని, 30 సెకన్ల కంటే పాతదైతే పారేస్తుంది. తన గడియారం ఇంకా సరిపడకపోతే ఏ ఆదేశమూ వినదు. ఎంక్యూటీటీ 5లో మెసేజ్‌కు గడువు పెట్టే సౌకర్యం ఉంది గానీ ఈ బోర్డు లైబ్రరీ 3.1.1 వరకే. నంబరు ఎందుకంటే క్యూఓఎస్ 1 'కనీసం ఒకసారి' అందుతుందనే హామీ మాత్రమే ఇస్తుంది, రెండుసార్లు రావచ్చు. మొదట్లో నేను రాసింది ఒకే బటన్, నొక్కితే ఉన్న స్థితి తిరగబడేది. అది రెండుసార్లు వచ్చి ఉంటే? ఆలోచిస్తే ఒళ్ళు జలదరించింది. ఇప్పుడు ఆన్, ఆఫ్ వేరువేరు.

ఇవన్నీ కాక, మెకానిక్ ఫోన్లో ఒక మాట చెప్పాడు. "ఒక స్విచ్ పెట్టేద్దాం సార్, మనిషి తోటలో ఉంటే రిమోట్ తెగిపోవాల." 150 రూపాయల తిప్పుడు స్విచ్. నా మూడు మార్పుల కంటే అదే మేలైనది. నాయన ఇప్పుడు తోటలో అడుగుపెట్టగానే ముందు దాన్ని తిప్పుతాడు.

మార్చి 29, ఆదివారం

తడిసిన చిన్నాయనే తనకూ ఒకటి కావాలన్నాడు! రెండో బోర్డు తయారు చేసి, అదే ప్రోగ్రాము ఎక్కించి, వాళ్ళ తోటలో పెట్టాను. అప్పటి నుంచి రెండూ పిచ్చెక్కినట్టు కొన్ని సెకన్లకోసారి పోతున్నాయి, వస్తున్నాయి. సిగ్నల్ అనుకున్నాను. యాంటెన్నా మార్చాను. వైఫై డబ్బాను షెడ్డు పైకి కట్టాను. నిచ్చెన మీద నుంచి ఫోన్లో బ్రోకర్ లాగ్ తెరిస్తే అందులో ఒకే లైను వందలసార్లు ఉంది. ఈ క్లయింట్ ముందే కనెక్ట్ అయి ఉంది, పాత కనెక్షన్ మూసేస్తున్నాను అని.

రెండు బోర్డులకూ ఒకే క్లయింట్ ఐడీ (బ్రోకర్‌కు చెప్పుకునే పేరు). ఒకే ఐడీతో ఇంకొకరు వస్తే పాతవాణ్ణి గెంటేయడం ఎంక్యూటీటీ నియమం. గెంటించుకున్నది మళ్ళీ కనెక్ట్ అయి రెండోదాన్ని గెంటేస్తుంది. అన్నదమ్ముల తోటలు కాబట్టి ఇది జరిగిందని అమ్మ జోకు. ఎంక్యూటీటీ 5లో అయితే తోసేసేటప్పుడు 142 అనే కారణం నంబరు ఇస్తుంది, 3.1.1లో మాట కూడా చెప్పదు. ఐడీలో ఇప్పుడు బోర్డు మ్యాక్ అడ్రస్ (ఒక్కో బోర్డుకు వేరుగా ఉండే నంబరు) చేర్చాను. నిచ్చెన అనవసరంగా ఎక్కాను.

ఏప్రిల్ 5, ఆదివారం

లైబ్రరీలు ఒక్కోటి ఒక్కో స్వభావం. పైథాన్ పాహోలో లూప్ స్టార్ట్ అంటే వెనక ఒక థ్రెడ్ నడుపుకుంటూ, లైన్ తెగితే అదే మళ్ళీ కలుపుకుంటుంది. కాకపోతే టాపిక్‌లు అడిగే పని ఆన్ కనెక్ట్ కాల్‌బ్యాక్‌లో పెట్టాలి, లేకపోతే తిరిగి కలిశాక చెవిటిదానిలా కూర్చుంటుంది. ఫోన్ యాప్‌కు వాడుతున్న డార్ట్ లైబ్రరీలో ఆటో రీకనెక్ట్ ఉంది, మనమే ఆన్ చెయ్యాలి. బోర్డు మీది పబ్‌సబ్‌క్లయింట్‌లో అదీ లేదు, తెగితే మనమే పిలవాలి.

ఎలా పిలవాలో ఉదాహరణ ప్రోగ్రాములోనే ఉంటుంది. కనెక్ట్ కాకపోతే 5 సెకన్లు ఆగు, మళ్ళీ ప్రయత్నించు, కలిసేదాకా ఇదే తిరుగు. లోకమంతా దాన్నే కాపీ కొడుతుంది. నేనూ కొట్టాను.

మొన్న గురువారం వైఫై డబ్బా సిమ్‌కు రీచార్జ్ అయిపోయింది (వేయాల్సింది నేనే, మర్చిపోయాను). నాయన తోటకు పోయి చేత్తోనే ఆన్ చేశాడు. మామూలుగా మా మోటార్ 11 ఆంపియర్ల చుట్టూ లాగుతుంది. బోరులో నీళ్ళు తగ్గితే 7కు దిగుతుంది. అలా దిగితే బోర్డు మోటార్‌ని ఆపేయాలి. ఓవర్‌లోడ్ రిలే ఎక్కువ కరెంటుకే ట్రిప్ అవుతుంది, తక్కువైతే దానికి పట్టదు. ఏప్రిల్లో నీటిమట్టం దిగింది, మోటార్ ఖాళీగా తిరిగింది, బోర్డు ఆపలేదు. ఎందుకంటే బోర్డు ఆ 5 సెకన్ల లూపులో కూర్చుని సర్వర్ కోసం తపస్సు చేస్తోంది. కరెంటు కొలిచే వరుస దాకా ప్రోగ్రాము వస్తేగా!

నాయన చెట్టు కింద కూర్చుని శబ్దం మారిందని కనిపెట్టాడు. "గాలి తాగుతాంది" అని లేచి ఆపాడు. మోటార్ బతికింది. కాలి ఉంటే పైకి లాగడానికి, వైండింగ్‌కు ఎంతయ్యేదో మెకానిక్ చెబుతుంటే మధ్యలోనే ఆపమన్నాను.

రాత్రంతా కూర్చుని తిరగరాశాను. బోర్డులో మొదటి పని మోటార్ కాపలా. నెట్ ఉంటే మాట్లాడుతుంది, లేకపోతే లేదు. ఆగడం అన్నదే లేకుండా, గడిచిన టైము చూసుకుంటూ సందు దొరికినప్పుడు ఒకసారి కనెక్ట్ ప్రయత్నం. ఆ ప్రయత్నం కూడా ఎక్కువసేపు ఇరుక్కోకుండా సాకెట్ టైమవుట్ 15 నుంచి 3 సెకన్లకు దించాను. అదీ నచ్చక, చివరికి కాపలా పనిని ఈఎస్‌పీ32 రెండో కోర్ మీదికి మార్చాను. వైఫై డబ్బా తీగ పీకి, కరెంటు కొలిచే క్లాంప్‌ని మోటార్ వైరు నుంచి ఊడదీసి పరీక్షించాను. 4 సెకన్లలో ఎర్ర రిలే కొట్టింది.

ఏప్రిల్ 12, ఆదివారం

యాప్ మొత్తం మార్చేశాను. ఇది నాయనతో అరుగు మీద కూర్చుని చేసిన పని.

ఇన్నాళ్ళూ బటన్ నొక్కగానే పచ్చగా మారేది. నాయన అడిగాడు, "ఇది పచ్చగా అయ్యింది అంటే ఏమి? మోటరు తిరుగుతాందా, నీళ్ళు పడతాండాయా?" నేను చెప్పాను: పాహో, డార్ట్ ఏదైనా సరే, 'పంపడం పూర్తయింది' అంటే బ్రోకర్ అందుకుంది అని అర్థం. క్యూఓఎస్ 1లో వచ్చే రసీదు కూడా బ్రోకర్ ఇచ్చేదే, బోర్డు ఇచ్చేది కాదు. 'సరిగ్గా ఒకసారి' అనే క్యూఓఎస్ 2 పెట్టినా అంతే. నాయన విన్నాడు. "అంటే మండీలో రాశి దింపినామని చీటీ ఇచ్చినారు. అమ్ముడుపోయిందని కాదు."

సరిగ్గా అదే. కాబట్టి ఇప్పుడు నొక్కితే బటన్ మొదట పసుపు. బోర్డు ఆ ఆదేశం నంబరును తిరిగి పంపితే నారింజ. క్లాంప్ 9 ఆంపియర్ల పైన వరసగా 5 సెకన్లు చూపిస్తేనే పచ్చ. 20 సెకన్లలో పచ్చ కాకపోతే ఎరుపు, ఫోన్ గట్టిగా మోగుతుంది. నారింజ, పచ్చ యాప్ ఊహించి పెట్టదు. ఆ రెండూ బోర్డు చెప్పినవే. నీళ్ళు పడుతున్నాయా అన్నదానికి ఫ్లో మీటర్ పెట్టాలి. ధర చూశాను, వచ్చే పంటకు వాయిదా.

రంగుల విషయంలో ఒకటే గొడవ. నాయనకు పసుపుకూ నారింజకూ తేడా ఎండలో తెలియలేదు. ఒకటి, రెండు, మూడు చుక్కలు పెట్టాను.

ఏప్రిల్ 26, ఆదివారం

బోర్డులు ఐదయ్యాయి. ఎవరికీ అమ్మలేదు, సామాను డబ్బులు తీసుకున్నాను అంతే. మధ్యాహ్నం ఎండకు రేకు డబ్బాలో ఒక బోర్డు పదేపదే రీసెట్ అయింది. డబ్బాను వేపచెట్టు వైపు తిప్పితే సర్దుకుంది. ఇంజనీరింగ్ అంటే ఇదే.

చిన్నాయన పట్టు వేరే: "కరెంటు వస్తానే వేసేటట్టు పెట్టబ్బాయ్, అందరికీ అదే కావాల." పెట్టనన్నాను. ఆటో స్టార్టర్లు తీసేయమని కరెంటు ఆఫీసు వాళ్ళు చెప్పేది ఊరికే కాదు. లైను రాగానే ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద మోటార్లన్నీ ఒకే క్షణంలో లేస్తాయి. లేచేటప్పుడు మోటార్ మామూలుకంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే వారం పది రోజులు అందరి చెట్లూ ఎండాలి. దానికి బదులు కరెంటు రాగానే ఫోన్‌కు 'కరెంటు వచ్చింది, వేయాలా?' అని వస్తుంది. మనిషి నొక్కితేనే.

ఈ ట్రాన్స్‌ఫార్మర్ గోలే బోర్డుల కనెక్షన్లకూ వర్తిస్తుంది. లైను రాగానే ఐదూ ఒకే క్షణంలో బ్రోకర్ తలుపు కొడతాయి. ఐదుంటే మస్కీటోకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అయినా అలవాటు కావాలని, ప్రతి బోర్డూ కనెక్ట్ అయ్యేముందు 0 నుంచి 20 సెకన్ల మధ్య లాటరీ వేసుకుని ఆగేలా చేశాను. తెగిన ప్రతిసారీ ఆ ఆగే టైము రెట్టింపవుతుంది, 2 నిమిషాలకు మించదు.

మే 3, ఆదివారం

పొద్దున్నే నాయన ఫోన్. యాప్ బాగుందట, ఈ వారంలో నడక తగ్గిందట. ఒక్క మార్పు కావాలన్నాడు.

"నీ ఫోన్లో ఆ ఆన్ బటన్ తీసెయ్యి. అనంతపురంలో కూర్చుని వాల్వు ఎట్లుందో నీకేం తెలుసు? వేసేది నేను. నువ్వు చూడు, చాలు."

ఉగాది సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేదు.

బటన్ దాస్తే సరిపోదు. నా లాప్‌టాప్ నుంచి ఒక లైను రాస్తే మళ్ళీ ఆదేశం వెళ్తుంది, పైగా నా పరీక్షల అలవాటు నాకు తెలుసు. మస్కీటోలో ఏ యూజర్ ఏ టాపిక్ చదవొచ్చు, దేనికి రాయొచ్చు అని చెప్పే అనుమతుల ఫైల్ ఉంటుంది. మా తోట ఆదేశాల టాపిక్‌కు రాసే హక్కు నాయన యూజర్‌కు మాత్రమే ఉంచాను. నా యూజర్‌కు అన్నీ చదివే హక్కు, ఆదేశం ఇచ్చే హక్కు లేదు. ఎవరి తోటకు వాళ్ళే. ఫైల్ మళ్ళీ చదువుకోమని బ్రోకర్‌కు సంకేతం పంపాను.

పనిచేస్తోందో లేదో చూడాలి కదా. నాయనకు ఫోన్ చేసి, వాల్వు తెరిచి, డబ్బా పక్కన నిలబడమని చెప్పి, నా లాప్‌టాప్ నుంచి పాహోతో క్యూఓఎస్ 1లో 'ఆన్' పంపాను.

"లేసిందా?"

"లేదు."

సర్వర్ లాగ్‌లో నా పేరు మీద 'నిరాకరించాను' అని పడింది. నా స్క్రీన్ మీద మాత్రం పాహో, రసీదు కూడా అందుకుని, పంపడం పూర్తయిందని చెబుతోంది.